బడి గదుల్లో గాలిని ఎవరు కొలుస్తారు?

సార్లకు, మేడమ్‌లకు, పిల్లల్ని బడికి పంపే అమ్మానాన్నలకు నమస్కారం.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు పక్క ఊళ్లవాళ్లకు కంటికి కనపడని విషాన్ని పరీక్షించడం ఎందుకో నేను చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు తేటగానే ఉండేవి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ కంటికి కనపడలేదు, ఎముకలు వంకర్లు పోయాక గానీ మనకు తెలియలేదు. ఇప్పుడు గాలి సంగతి అడుగుతున్నా. పాత బడుల్లో పిల్లలు రోజంతా పీల్చేదాన్ని ఎవరైనా కొలిచారా?

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2021లో చట్టం చేసి, 1980కి ముందు కట్టిన బడుల్లో పీసీబీల కోసం గాలిని పరీక్షించమంది. పాత ట్యూబ్‌లైట్ చోకుల్లో, కిటికీ సందులు పూడ్చే సీలెంట్లలో వాడిన రసాయనాలవి, క్యాన్సర్ తెస్తాయి. పరీక్షించడం వాళ్ల దగ్గర నేర్చుకుందాం, కానీ వెతకాల్సిన విషాల జాబితా మాత్రం మన కట్టడాలను చూసి మనమే రాసుకోవాలి.

మొదటిది నెత్తిమీదే ఉంది. మన సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ అనే సన్నటి పోగుల ఖనిజం ఉంటుంది. రేకు గట్టిగా ఉన్నన్నాళ్లు ఆ పోగులు పెద్దగా బయటికి రావు. ఎండకూ వానకూ పెళుసెక్కి, కోతులు దూకి పగిలి, వైరు కోసం ఎవరో డ్రిల్ పెట్టినప్పుడు దుమ్ములో కలిసి వస్తాయి. ఊపిరితిత్తుల్లో చేరిన పోగు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, జబ్బు ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు బయటపడుతుంది, అప్పటికి ఆ మనిషి ఏ బళ్లో చదివాడో ఎవరు అడుగుతారు చెప్పండి!

తర్వాత సైన్స్ ల్యాబ్. పగిలిన థర్మామీటర్‌లోని పాదరసం బండల సందుల్లోకి జారితే మామూలు వేడికే ఆవిరవుతూ ఉంటుంది, వాసన కూడా రాదు. పాత ఆయిల్ పెయింట్ సంగతీ ఉంది: రంగులో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్‌లో గానీ అమల్లోకి రాలేదు.

2022లో మన వనపర్తిలోనే ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన ఊరు - మన బడి’ మొదలైంది. మరమ్మతులు కావాల్సిందే, నేను కాదనను. కానీ పాత రంగును ఎమరీ పేపర్‌తో పొడిగా గీకినప్పుడు, రేకుల్ని సుత్తితో కొట్టి దించినప్పుడే విషం ఎక్కువగా లేస్తుంది. అందుకే పరీక్ష పనికి ముందే జరగాలి, పని అయ్యాక గదిలోకి పిల్లల్ని పంపేముందు మళ్లీ జరగాలి.

సెలవు రోజు తలుపులు బార్లా తీసి కొలిచి ‘అంతా బాగుంది’ అంటే నమ్మకండి. పిల్లలు కూర్చునేటప్పుడు గది ఎలా ఉంటుందో అలాగే ఉంచి, రోజూ ఊడ్చినట్టే ఊడ్చి, చలికాలంలోలా కిటికీలు మూసి కొలవాలి. ఆస్బెస్టాస్‌కు పంపుతో గాలిని ఫిల్టర్ మీదికి లాగి, మైక్రోస్కోప్ కింద పోగులు లెక్కపెడతారు. పాదరసానికి వేరే మీటర్ ఉంటుంది. సీసానికైతే కిటికీ గట్టుమీది దుమ్మును తుడిచి ల్యాబ్‌కు పంపాలి.

వచ్చే బడి కమిటీ మీటింగ్‌లో తీర్మానం రాయించండి: రేకులు ఏ సంవత్సరం వేశారు, రంగులు ఎప్పుడు వేశారు, ల్యాబ్‌లో పాదరసం ఎంత ఉంది. కాంట్రాక్టర్ రేకుల్ని తడిపి, పగలకుండా దించాలని, ఆ పని వేసవి సెలవుల్లోనే చేయాలని కూడా అందులోనే రాయించండి.