డీటీఆర్ఎక్స్: ఏ ఆర్కైవ్ విప్పాలన్నా ఒకటే కమాండ్

అందరికీ నమస్కారం. భీమవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఆర్కైవ్ ఫైళ్లు ఎలా విప్పాలో చూద్దాం. ఆర్కైవ్ అంటే చాలా ఫైళ్లను ఒకే ఫైల్‌గా కట్టిన మూట.

ముందు నాకు జరిగింది చెప్తాను. మా బాబాయి రొయ్యల చెరువుల లెక్కలన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. ఒకసారి పాత నీటి పరీక్షల షీట్లు టార్ ఫైల్‌గా, అంటే ఒక రకం ఆర్కైవ్‌గా, వచ్చాయి. ఉన్నచోటే విప్పేశాను. లోపల ఫోల్డర్ అంటూ ఏమీ లేదు. వందల షీట్లు నేరుగా నా హోమ్ ఫోల్డర్‌లో వచ్చి పడ్డాయి. స్వర్ణ ధాన్యంలో 1010 రకం ధాన్యం కలిస్తే ఎలా ఏరతాం? అలా అయింది. పైగా ఒకే పేరుతో ఉన్న కొత్త షీట్ మీద పాతది ఎక్కేసింది. టార్ కమాండ్ అడగదు, పాతదాని మీదే రాసేస్తుంది. ఆ నెల సెలైనిటీ (నీటి ఉప్పదనం) లెక్క మళ్లీ దొరకలేదు. ఇలా చెల్లాచెదురుగా పడే ఫైల్‌ని టార్‌బాంబ్ అంటారు.

అప్పట్నుంచి నేను వాడేది డీటీఆర్ఎక్స్. 'డూ ద రైట్ ఎక్స్‌ట్రాక్షన్' దాని పూర్తి పేరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. పైథాన్ ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే పిప్‌ఎక్స్ మీ దగ్గర ఉంటే, పిప్‌ఎక్స్ ఇన్‌స్టాల్ డీటీఆర్ఎక్స్ అని కొడితే వచ్చేస్తుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. అదే పాత ఫైల్. డీటీఆర్ఎక్స్, స్పేస్, చెరువులు డాట్ టార్ డాట్ జీజెడ్. ఎంటర్. టార్ కమాండ్‌కి ఇచ్చినట్టు ఎక్స్, జెడ్, ఎఫ్ అంటూ అక్షరాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జిప్, రార్, సెవెన్‌జెడ్, డెబ్, ఆర్‌పీఎం... అన్నిటికీ ఇదే. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే ఎల్‌ఎస్ కొడుతున్నాను. 'చెరువులు' అని ఒక ఫోల్డర్, షీట్లన్నీ అందులోనే. మళ్లీ అదే కమాండ్ కొడతాను. చూశారా, మొదటి ఫోల్డర్ జోలికి పోలేదు. పక్కన 'చెరువులు డాట్ 1' పెట్టింది. నాకు దీని మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

ఆర్కైవ్‌లో ఇంకో ఆర్కైవ్ ఉంటే, అదీ విప్పమంటారా అని అడుగుతుంది. అడక్కుండా విప్పేయాలంటే కమాండ్‌లో హైఫన్ ఆర్ చేర్చండి. విప్పకుండా లోపల ఏముందో చూడాలంటే హైఫన్ ఎల్. ఎవరు పంపారో తెలియని ఫైలైతే ముందు హైఫన్ ఎల్ కొట్టండి, దయచేసి.

ఇంకొకటి. విప్పే పని ఇది సొంతంగా చేయదు. అన్‌జిప్, అన్‌రార్, సెవెన్‌జెడ్ లాంటివాటితో చేయిస్తుంది. మీ సిస్టమ్‌లో అవి లేకపోతే ఎర్రర్ వస్తుంది. టెన్షన్ పడకండి. ఆ ఫైల్‌కి కావలసిన ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకుని, మళ్లీ అదే కమాండ్ కొట్టండి.