సముద్రం లేని దేశానికి రెక్కల బండి

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ శివారు ఆదిభట్లలో సీ-130జే హెర్క్యులిస్ అనే సైనిక రవాణా విమానాల తోక భాగాలు తయారవుతాయి. ఆ హెర్క్యులిస్ కుటుంబానికే చెందిన పాత విమానాలతో ఏళ్ల తరబడి నడిచిన ఒక చిన్న కార్గో సంస్థ గురించి ఈ రోజు చెబుతాను. పేరు ట్రాన్స్‌పోర్టెస్ ఆయెరెయోస్ బొలీవియానోస్. క్లుప్తంగా టాబ్. 1977లో దక్షిణ అమెరికాలోని బొలీవియా వైమానిక దళం దీన్ని పెట్టింది.

వైమానిక దళానికి సరుకుల వ్యాపారం ఎందుకు? 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో బొలీవియా తన సముద్రతీరం మొత్తం పోగొట్టుకుంది. 1904 ఒప్పందంతో అది ఖాయమైంది. ఇప్పటికీ ఏటా మార్చి 23న అక్కడ సముద్ర దినం పాటిస్తారు. తీరం లేకున్నా నౌకాదళం ఉంది. టిటికాకా సరస్సులో, నదుల్లో తిరుగుతుంది. ఈ మాట విని నవ్వేవాళ్లను చూశాను. నాకైతే ఇల్లు పోయినా తాళంచెవి పారేయని మనిషి గుర్తొస్తాడు.

చిలీ రేవు అరీకాలో దిగిన సరుకు ఆండీస్ కొండలెక్కి బొలీవియా ప్రభుత్వం నడిచే నగరం లా పాజ్ చేరాలి. దేశం లోపలా అంతే. పడమట ఎత్తైన పీఠభూమి, తూర్పున బేనీ మైదానాలు. పశువులు బేనీలో, తినేవాళ్లు కొండ మీద. వానాకాలంలో మైదానం నీళ్లలో మునుగుతుంది, దారులు తెగుతాయి. అందుకే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన పాత విమానాల్లో మాంసం మోసుకొచ్చేవారు. అక్కడ విమానం మన లారీ లాంటిది.

సైన్యం వ్యాపారం చేయడం మంచిదని నేను అనను. లెక్క అడగాల్సినవాళ్లు, చెప్పాల్సినవాళ్లు ఒకే గొడుగు కింద ఉంటే చిక్కే. కానీ లాభం లేని దారిలో ప్రైవేటు కంపెనీ విమానం ఎందుకు తిప్పుతుంది? విమానాలు, పైలట్లు, మెకానిక్కులు అప్పటికే సైన్యం చేతిలో ఉన్నారు. షెడ్డులో నిలబెట్టే బదులు వాటితో నాలుగు డబ్బులు సంపాదించాలనుకోవడం న్యాయమే.

హెర్క్యులిస్‌ను దగ్గరగా చూస్తే అది ఈ పనికెంత తగిందో తెలుస్తుంది. రెక్కలు పైన, ప్రొపెల్లర్లు నేలకు చాలా ఎత్తులో. మట్టి రన్‌వే మీద రాళ్లు ఎగిరినా భయం తక్కువ. వెనక తలుపు కిందకి వాలి ర్యాంప్ అవుతుంది. లోపలి నేల భూమికి మీటరు ఎత్తే, దాదాపు లారీ బాడీ ఎత్తు. లారీని వెనక్కి ఆనించి సరుకు నెట్టేయొచ్చు. క్రేన్ అక్కర్లేదు.

తర్వాత టాబ్ అమెరికాలోని మయామీ దాకా నడపడానికి పెద్ద డీసీ-10 రకం విమానాలు తెచ్చుకుంది. ఇందులో సరుకు తలుపు చాలా ఎత్తులో ఉంటుంది, ప్రత్యేకమైన లోడర్ లేనిదే పని కాదు.

అసలు కష్టం లా పాజ్‌ను ఆనుకుని ఉన్న ఎల్ ఆల్టో విమానాశ్రయంలో. ఎత్తు 4,061 మీటర్లు. మన లేహ్ 3,256 మీటర్లే. ఎల్ ఆల్టోలో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులు. ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది. నేల మీద 20 శాతం ఎక్కువ వేగంతో పరిగెత్తితే గానీ లేవదు. రన్‌వే 4 కిలోమీటర్లున్నా నిండా సరుకు, నిండా ఇంధనం రెండూ కుదరవు. అందుకే ఇక్కణ్ణుంచి దూరం వెళ్లే బరువైన విమానాలు చాలావరకు శాంటా క్రూజ్‌లో దిగి ట్యాంకు నింపుకుంటాయి. అక్కడి విరు విరు విమానాశ్రయం ఎత్తు 400 మీటర్లు కూడా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకో వింత. పైన ఎగురుతున్నప్పుడు లోపలి గాలిని సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు. మామూలుగా విమానం దిగేకొద్దీ లోపలి ఒత్తిడి పెరగాలి. ఎల్ ఆల్టోకి దిగేటప్పుడు అది తగ్గుతుంది. విమానం దిగుతుంటే లోపలి గాలి కొండెక్కుతుంది! ప్రయాణికుల విమానాల్లో ఆక్సిజన్ మాస్కులు వాటంతటవే కిందపడే ఎత్తు మామూలుగా 4,270 మీటర్ల దగ్గర పెడతారు. ఎల్ ఆల్టో ఎత్తుకీ దానికీ తేడా 200 మీటర్లే. చక్రాలు ఆగి తలుపు తీసేసరికి లోపలా బయటా ఒకటే పలచని గాలి. ఆ గాలిలోనే పుట్టి పెరిగిన హమాలీలు, లోడర్ తోలుకుంటూ ఎదురొస్తారు.