టాప్ సీడ్, అన్‌సీడెడ్: ఈ సీడ్ మన ఆకుమడిలోది కాదండోయ్

హలో అండీ, వాయిస్ వస్తోందా... ఆ, వస్తోంది. వెనకాల ట్రాక్టర్ సౌండు వస్తే ఏమీ అనుకోకండి, పక్క చేలో దమ్ము చేస్తున్నారు, ఊడ్పుల టైము కదా, ఆపమంటే నన్నే తీసుకెళ్ళి మళ్ళో దింపుతారు.

సరే, ఇవాళ్టి మాట సీడ్. స్పోర్ట్స్ పేజీలో టాప్ సీడ్ ఇంటికి, అన్‌సీడెడ్ ప్లేయర్ సంచలనం అని వేస్తుంటారు చూడండి, ఆ సీడ్. మన వైపు సీడ్ అనగానే బుర్ర సరాసరి మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి వెళ్ళిపోతుంది, స్వర్ణ, అదే 7029, బస్తా ఎంత అని. అయితే తమాషా ఏంటంటే, అటు వెళ్ళినా మరీ తప్పేం కాదండి. ఆకుమడిలో మొలకొచ్చిన విత్తనం చల్లేటప్పుడు ఏం చేస్తాం, ఒకే చోట కుప్ప పడకుండా విసిరి విసిరి చల్లుతాం కదా. 1890ల చివర్లో టెన్నిస్ వాళ్ళు ఈ మాట పట్టుకున్నది ఆ చల్లడంలోంచే. గట్టి ఆటగాళ్ళు మొదటి రౌండ్లోనే ఒకళ్ళకొకళ్ళు తగిలి ఊడిపోకుండా, వాళ్ళ పేర్లు డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో రాసే పట్టీలో, దూరదూరంగా చల్లడం, అది సీడింగ్. అలా నంబర్ ఇచ్చి చల్లిన ఆటగాడు సీడ్. అంతే.

ఇదిగో స్క్రీన్ మీద వింబుల్డన్ సింగిల్స్ డ్రా. మొత్తం 128 మంది, పేరు పక్కన చిన్న నంబర్ ఉన్నవాళ్ళు సీడ్లు, 32 మంది. 2001కి ముందు 16 మందే ఉండేవాళ్ళు. నంబర్ లేనోళ్ళు అన్‌సీడెడ్. అంటే ఆట రాదని కాదు సుమండీ, 1985లో బోరిస్ బెకర్ 17 ఏళ్ళకి అన్‌సీడెడ్‌గా వచ్చి కప్పు పట్టుకుపోయాడు, ఆడవాళ్ళలో అలా గెలిచిన మొదటామె వొండ్రుసోవా, 2023లో.

ర్యాంకూ సీడూ ఒకటేనా అని అడుగుతారు. కాదు. ర్యాంకు ఏడాది పొడుగునా మీ వెంట ఉంటుంది, సీడ్ ఆ ఒక్క టోర్నీకే. మామూలుగా ర్యాంకు చూసే సీడ్ ఇస్తారు కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. 2018 చూడండి, సెరెనా విలియమ్స్ పాపని కని తిరిగొచ్చింది, ఫ్రెంచ్ ఓపెన్ వాళ్ళు సీడ్ ఇవ్వలేదు, ఆ తర్వాత వింబుల్డన్ వాళ్ళు 25వ సీడ్ ఇచ్చారు, అప్పటికి ఆవిడ ర్యాంకు 183. ఫైనల్ దాకా వెళ్ళింది కూడా.

ఇప్పుడు, ఇక్కడ ఆగండి, నేను బోర్లా పడింది ఇక్కడే. మా ఊళ్ళో సంక్రాంతికి షటిల్ పోటీలు పెడతాం, 16 జట్లు, డబుల్స్. మొదటేడు చీటీలు రాసి స్టీలు చెంబులో వేసి తీశాను. ఇద్దరు మొనగాళ్ళ జట్లు మొదటి మ్యాచ్‌లోనే తగులుకున్నాయి. ఆ ఆటకి అరుగుల మీద కూడా చోటు లేదు, ఫైనల్‌కి వచ్చేసరికి లైట్లూ నేనూ మిగిలాం, జనం అంతా పందాలకి పోయారు. సరే మరుసటేడు సీడింగ్ చేద్దామని పేద్ద తెలివిగా షీట్ తీసి, మొదటి గీత మీద ఒకటో సీడ్, రెండో గీత మీద రెండో సీడ్, అలా వరసాగ్గా నాలుగు దాకా రాసుకుంటూ వచ్చా. చూడండి, స్క్రీన్ మీద చూడండి. మొదటి గీత, రెండో గీత, ఈ రెండూ కలిసేది ఎక్కడ? మొదటి రౌండ్లోనే కదా! మళ్ళీ అదే మ్యాచ్ పెట్టాను, ఈసారి చెంబు లేకుండా. మా బావ చార్టు చూసి, సీడింగ్ అంటే ఇదేనేంటిరా అన్నాడు, మైకు ఆన్‌లోనే ఉంది.

కరెక్ట్‌గా ఎలాగంటే, ఒకటో సీడ్ పైన మొదటి గీత, రెండో సీడ్ అట్టడుగున 16వ గీత. ఇక వాళ్ళు కలిస్తే ఫైనల్లోనే. మూడూ నాలుగూ, వీళ్ళకి చీటీ వెయ్యాలి, ఒకరు 5వ గీత, ఇంకొకరు 12. మిగతా 12 జట్లకీ చెంబే. సగం చెంబు, సగం బుర్ర. నేను ఎక్సెల్ వాడను, గూగుల్ షీట్స్‌లో చేసి ఫోన్లో గ్రూపుకి పడేస్తా.

ఇంగ్లీషులో వాడకం గబగబా. షి ఈజ్ ద థర్డ్ సీడ్, షి ఈజ్ సీడెడ్ థర్డ్, రెండూ రైటే. సీడెడ్ తర్వాత ప్లేస్ అనక్కర్లేదు. హయ్యర్ సీడ్ అంటే నంబర్ చిన్నది, లోయర్ సీడ్ అంటే నంబర్ పెద్దది, తిరగేసి ఉంటుంది, ర్యాంకు లాగే. ఇంకోటి, సినిమా కలెక్షన్లలో నైజాం, సీడెడ్ అంటారే, అది వేరే మాట, సి తో మొదలవుతుంది, నిజాం 1800లో ఇంగ్లీషు వాళ్ళకి వదిలేసిన జిల్లాలు. ఒకసారి సీడెడ్ ప్లేయర్ అంటే కడప కుర్రాడనుకున్నా, నవ్వకండి.

మన అమలాపురం సాత్విక్ సంగతి చెప్పకుండా ఎలా ఆపేస్తాను. పారిస్ ఒలింపిక్స్ షటిల్ డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ మూడో సీడ్, క్వార్టర్స్‌లో మలేషియా జోడీ మీద ఓడిపోయారు. దాన్ని వాక్యంలో పెడితే, ద థర్డ్ సీడ్స్ లాస్ట్ ఇన్ ద క్వార్టర్స్. జోడీ కాబట్టి సీడ్స్, చివర్లో ఎస్ మర్చిపోకండి.

క్రికెట్‌లో కూడా ఉందండి ఇది. 2024 టీ20 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా గ్రూపులో ఫస్ట్ వచ్చినా సూపర్ 8లో బి2, అంటే బి గ్రూపు రెండో జట్టు గానే ఆడింది, ముందే అలా రాసేశారు, అది ప్రీ సీడింగ్. అలాగే పాకిస్తాన్‌కి ఎ2 అని ముందే రాశారు, వాళ్ళు ఇంటికెళ్తే ఆ సీటు అమెరికాకి వచ్చింది.

షీట్ లింకు కింద పెట్టా, పేర్లు మార్చుకుని వాడుకోండి. 16వ గీత మాత్రం కదపకండి.