ఎండు ఆవిరి పని, తడి ఆవిరి పని

శ్రోతలందరికీ నమస్కారం. టీ కొట్టు దగ్గర కెటిల్ మరిగేటప్పుడు దాని ముక్కు కాడ కాస్త ఓపిగ్గా చూడండి, ముక్కుని ఆనుకుని ఒక అంగుళం మేర ఏమీ కనపడదు, ఆ పైనే తెల్లగా లేస్తది. ఆ తెలుపుని మనం ఆవిరి అంటాం గానీ అది ఆవిరి కాదు, చల్లగాలి తగిలి మళ్ళీ సన్నటి చుక్కలైపోయిన నీళ్ళు. అసలు ఆవిరి ఉండేది ఆ ఖాళీగా కనపడే అంగుళంలోనే.

మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీల కాడ మరుగుతాయి, ఆ పైన ఎంత మంట పెట్టినా నీళ్ళ వేడి పెరగదు, మంటంతా నీటిని ఆవిరి చేసేదానికే పోతది. అయితే పుట్టిన ఆవిరిని నీళ్ళ నుంచి విడదీసి వేరే గొట్టాల్లోకి పంపి మళ్ళీ కాలిస్తే మాత్రం వేడి ఎక్కతానే ఉంటది, 200, 300, 500 దాకా కూడా. అదే సూపర్‌హీటెడ్ స్టీమ్, చుక్క తడి లేని ఎండు ఆవిరి.

మన నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ ప్లాంటు ఉంది గదా, ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు, అన్నీ సూపర్‌క్రిటికల్ రకం. ఒత్తిడి 221 బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 220 రెట్లు, వేడి 374 డిగ్రీలు దాటిందంటే నీళ్ళకీ ఆవిరికీ మధ్య గీతే చెరిగిపోతది, బుడగలు లేవు, మరగడం లేదు, అందుకని మామూలు బాయిలర్లో నీళ్ళనీ ఆవిరినీ విడదీసే డ్రమ్ము ఇక్కడ అక్కర్లేదు. నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగా ఉండే సంగతి ఇది. ఆ ఆవిరిని 500 డిగ్రీలు దాటించి టర్బైన్‌కి, అంటే ఆవిరి తోపుతో తిరిగి జనరేటర్‌ని తిప్పే బ్లేడ్ల యంత్రానికి, పంపుతారు.

అంత వేడి ఎందుకంటే, టర్బైన్లో ఆవిరి వ్యాకోచించే కొద్దీ చల్లబడతా పోతది, మరిగే వేడి దగ్గరే బయల్దేరిన ఆవిరైతే వెంటనే చుక్కలు పడతాయి, ఆ చుక్కలు తుపాకీ గుండ్ల మాదిరి బ్లేడ్లకి తగిలి ఉక్కుని గుంటలు గుంటలుగా తినేస్తాయి. వేడి ఎక్కువుంటే చుక్క పడేలోపే పని చాలావరకు అయిపోతది, బొగ్గు కూడా కలిసొస్తది. మధ్యలో ఒకసారి ఆవిరిని బాయిలర్‌కి వెనక్కి తెచ్చి మళ్ళీ కాల్చి పంపేదీ ఇందుకే. పని అయిపోయిన ఆవిరి కండెన్సర్లో నీళ్ళై తిరిగి బాయిలర్‌కే పోతది, కూలింగ్ టవర్ మీద తెల్లగా లేచేది అది కాదు.

మరి మన రైస్ మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి కూడా ఇంత వేడి ఆవిరే పెడితే త్వరగా అయిపోదా అని అడుగుతారు కొందరు. కాదండీ. కిలో ఆవిరి వడ్ల మీద నీరైనప్పుడు ఇచ్చే వేడి 540 కిలోకేలరీల దాకా ఉంటది, అదే 200 డిగ్రీల ఎండు ఆవిరి 100కి దిగేటప్పుడు ఇచ్చేది సుమారు 50. పైగా ఎండు ఆవిరి గాలిలాంటిదే, వేడిని నిదానంగా వదులుతది. అందుకే ఉడికించేదానికి తడి ఆవిరి, అంటే మరిగే వేడి దగ్గరే ఉన్న ఆవిరి, టర్బైన్ తిప్పేదానికి ఎండు ఆవిరి. ప్లాంటులో ఎండు ఆవిరిని వేడి చేసే పనికి వాడాల్సొస్తే ముందు దాంట్లోకి నీళ్ళు చిమ్మి వేడి తగ్గిస్తారు.

ఆరబెట్టేదానికి మాత్రం ఎండు ఆవిరి బ్రహ్మాండంగా పనికొస్తది, మూసిన గదిలో గాలి బదులు ఇదే తిప్పితే ఆక్సిజన్ ఉండదు, సరుకు అంటుకోదు. యూరప్‌లో చక్కెర తీసేసిన బీట్ పిప్పిని ఇట్లానే ఆరబెడతారు. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే ఫ్యాక్టరీల్లోనూ ఎండు ఆవిరే కావాలి.

బాయిలర్ల దగ్గర పనిచేసే పిల్లలకి ఒక్క మాట. ఎక్కువ ఒత్తిడిలో ఎండు ఆవిరి లీకైతే పైపు పక్కన ఏమీ కనపడదు, బుస్సుమని చెవులు పగిలే శబ్దమే వినిపిస్తది, తెలుపు కనపడేది ఎక్కడో దూరాన. చెయ్యి పెట్టి వెతకబాకండి నాయనా, శబ్దం వినపడగానే వెనక్కొచ్చేసి, అటు ఎవర్నీ పోనీకుండా, షిఫ్ట్ ఇంజనీర్‌కి చెప్పి లైన్ ఐసొలేట్ చేయించండి.