ఆపడం గురించి ఎవరూ చెప్పలేదు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నాకిచ్చిన అంశం ‘మానసిక ఆరోగ్యం – నేటి యువత’. అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా, ఎక్కడ చూసినా ఇదే అంశం. యువత సంగతి ఇక్కడున్న పిల్లలే నాకంటే బాగా చెబుతారు. నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పి కూర్చుంటాను.

డిప్రెషన్‌కి నేను నాలుగేళ్ళు పారోక్సెటిన్ వాడాను. ఆ మాత్ర నన్ను మళ్ళీ మనిషిని చేసింది, దాని మీద నాకు కోపం లేదు. మా అమ్మాయి పెళ్ళి హడావిడిలో మా బావగారు నా సంచిలో స్ట్రిప్పు చూశారు. "బాగానే ఉన్నావుగా, ఇంకా ఈ పిచ్చిమందులేంటయ్యా?" అన్నారు. నిజమే, బాగానే ఉన్నాను. ఆ రాత్రే ఆపేశాను.

మూడో రోజు పెళ్ళి. తల తిప్పితే చాలు, లోపల జివ్వుమని కరెంటు కొట్టినట్టు. కళ్ళు పక్కకి తిప్పినా అంతే. కడుపులో వికారం, రాత్రంతా పీడకలలు, ఊరికే ఏడుపు. అప్పగింతల్లో తండ్రి ఏడిస్తే ఎవరూ అనుమానించరు, అదొక్కటే కలిసొచ్చింది. మా ఆవిడ దిష్టి తీసింది. ఎండుమిరపకాయలు కాలిస్తే ఘాటే రాలేదట!

వారం తర్వాత ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు నిమిషాల్లో తేల్చేశారు: జబ్బు తిరగబెట్టింది, ఇక జీవితాంతం వాడాలి. నా బాధంతా అక్కడే. మందు ఎప్పుడు ఆపావని అడగలేదు. తలలో ఈ కరెంటు ఇదివరకు ఉండేదా అని అడగలేదు. జబ్బు తిరగబెడితే మామూలుగా వారాలు, నెలలు పడుతుంది. మందు మానిన బాధ రోజుల్లో వస్తుంది, మళ్ళీ వేసుకుంటే రోజుల్లోనే తగ్గుతుంది. నాకు అలాగే తగ్గింది.

ఇదంతా తర్వాత ఇంకో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. డిప్రెషన్ మందుల్లో పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి తొందరగా పోతాయట, అందుకే మానితే గొడవ ఎక్కువ. ఫ్లుఓక్సెటిన్ వారాల తరబడి నెమ్మదిగా పోతుంది. అందరికీ ఇలా అవ్వదు. నా కథ విని మందు మొదలెట్టడానికే భయపడేరు, అదీ తప్పే.

ఇక లెక్క. బోర్డు లేదు, నోటితోనే చెబుతాను. సిటలోప్రామ్ అని ఇంకో డిప్రెషన్ మందు ఉంది, అది 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, మెదడులో అది పనిచేసే చోట్లలో దాదాపు 80 శాతాన్ని పట్టుకుంటుంది. 5కి దించితే పట్టు 20 శాతానికి దిగాలి కదా? దిగదు. 60 దగ్గరే ఉంటుంది. అంటే ఆ ఆఖరి 5 మానినప్పుడు పడేది 60! 2019లో హొరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఇదే రాశారు, మోతాదు కిందికి దిగేకొద్దీ, తగ్గించే మెట్లు ఇంకా చిన్నవి కావాలని. మనవాళ్ళేమో రోజు విడిచి రోజు వేసుకుంటారు. పారోక్సెటిన్‌తో అలా చేస్తే రోజూ మేడెక్కి దూకినట్టే.

అలా మెట్లు మెట్లుగా మందు మానడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. నడుమ ఒకసారి తల తిరిగితే ఆగి, అదే మోతాదులో నెలన్నర ఉన్నాను. అన్ని మాత్రలూ విరిచి వేసుకోకూడదు, అదీ డాక్టర్నే అడగాలి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయింది. మీలో ఈ మాత్రలు వాడేవాళ్ళు చేతులెత్తకండి, ఇది మన ఊరు. కానీ ఎవరి మాటా విని ఈ రాత్రి ఆపకండి, నా మాట విని కూడా. ప్రాణం మీద విరక్తి పుడితే 14416కి ఫోన్ చేయండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడతారు.

మా బావగారు వెనక వరుసలోనే ఉన్నారు. ఈ మధ్య ఆయనకి నిద్ర పట్టడం లేదట. నేనేమీ సలహా ఇవ్వలేదు.