తగిలితే తప్పుకునే రోబో: రెండు మైక్రోస్విచ్‌లతో బంపర్ బండి

నమస్కారం. ఇవాళ మనం చేసే బండికి కళ్ళు లేవు. అల్ట్రాసోనిక్ సెన్సార్ పెట్టడం లేదు, కెమెరా లేదు. ముందువైపు రెండు మైక్రోస్విచ్‌లు, అంటే లీవర్ నొక్కితే క్లిక్ అనే చిన్న స్విచ్‌లు, అంతే. ఏదైనా తగిలితే ఆగుతుంది, వెనక్కి జరుగుతుంది, పక్కకి తిరిగి మళ్ళీ బయల్దేరుతుంది. వైరింగ్ తేలిక, ప్రోగ్రామ్ చిన్నది. కష్టమంతా బంపర్‌లో ఉంది. చాలామంది దీన్ని ఆఖర్న గ్లూ గన్‌తో అంటించి వదిలేస్తారు, తర్వాత కోడ్‌లో తప్పు వెతుక్కుంటారు. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు బంపర్ దగ్గరే ఉంటాం.

ముందు సామాన్లు చూద్దాం. ఆర్డుయినో ఊనో ఒకటి, మన ప్రోగ్రామ్‌ని నడిపే చిన్న బోర్డు ఇదే. ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ ఒకటి, ఆర్డుయినో చెప్పినట్టు మోటార్లకి కరెంట్ ఇచ్చే బోర్డు. పసుపు రంగు గేర్ మోటార్లు రెండు, వీటిని టీటీ మోటార్ అనీ బీఓ మోటార్ అనీ అంటారు. గేర్ నిష్పత్తి 1:48 ఉన్నవి తీసుకోండి. 65 మిల్లీమీటర్ల చక్రాలు రెండు, వెనక ఒక క్యాస్టర్ (ఎటైనా తిరిగే చిన్న చక్రం), వీటన్నిటికీ ఒక చాసిస్ ప్లేటు. 18650 లిథియం సెల్స్ రెండు, హోల్డర్‌తో సహా, మధ్యలో ఒక ఆన్-ఆఫ్ స్విచ్. పొడుగాటి లీవర్ ఉన్న మైక్రోస్విచ్‌లు రెండు. 104 అని రాసి ఉండే సెరామిక్ కెపాసిటర్లు రెండు, అంటే 100 నానోఫారడ్‌వి. బంపర్ కోసం 3 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ పట్టీలు రెండు, మెత్తటి స్పాంజి ముక్క, 3 ఎంఎం స్క్రూలు నాలుగు, నైలాక్ నట్లు (అదురుకి ఊడిపోనివి) నాలుగు.

బ్యాటరీ సంగతి ఇక్కడే చెప్పాలి. చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ వాడొద్దు. దాంట్లో వోల్టేజ్ ఉంటుంది కానీ మోటార్లు అడిగినంత కరెంట్ ఇవ్వలేదు. బండి రెండు నిమిషాలు నడిచి నీరసపడుతుంది, లేదా గోడకి తగిలిన ప్రతిసారీ ఆర్డుయినో రీసెట్ అవుతుంది. రెండు 18650లు సిరీస్‌లో పెడితే 7.4 వోల్టులు. ఎల్298ఎన్ పాతకాలపు ట్రాన్సిస్టర్ చిప్, దానిలోనే దాదాపు 2 వోల్టులు పోతాయి. మామూలుగా అది లోపమే. ఇక్కడ మాత్రం మోటార్‌కి ఐదున్నర వోల్టుల దాకా మిగులుతుంది, 6 వోల్టుల మోటార్‌కి అది సరిగ్గా సరిపోతుంది. సెల్స్ రెండూ ఒకే రకం, ఒకే వయసువి అయ్యుండాలి, ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నవే కొనండి.

ఇప్పుడు మైక్రోస్విచ్ చేతిలోకి తీసుకోండి. మూడు కాళ్ళు ఉంటాయి. పక్కన చిన్న అక్షరాల్లో కామన్, ఎన్‌ఓ (నొక్కితేనే కామన్‌తో కలిసేది), ఎన్‌సీ (నొక్కనప్పుడు కలిసి ఉండేది) అని గుర్తులుంటాయి. కనబడకపోతే మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి చూడండి: లీవర్ నొక్కకుండానే మోగే జత కామన్, ఎన్‌సీ. నొక్కితే మోగే జత కామన్, ఎన్‌ఓ. కామన్‌ని గ్రౌండ్‌కి ఇవ్వడంలో గొడవేమీ లేదు. రెండో వైరు ఎన్‌ఓకా, ఎన్‌సీకా? ఎక్కువమంది ఎన్‌ఓ వాడతారు. మేం ఎన్‌సీయే వాడమంటాం. కారణం ఒక్కటే: ఈ వైర్లు బండికి ముందు చివర ఉంటాయి, ప్రతి గుద్దుకీ అదురుతాయి, సోల్డర్ దగ్గర తెగుతాయి. ఎన్‌ఓ వైరు తెగితే బండికి ఏదీ తగలనట్టే ఉంటుంది, గోడని నెడుతూ మోటార్లు కాలేదాకా అక్కడే నిలబడుతుంది. ఎన్‌సీ వైరు తెగితే స్విచ్ నొక్కినట్టే చదువుతుంది, బండి ఆగకుండా వెనక్కి వెనక్కి పోతుంది. చూడగానే తెలిసిపోతుంది, వైరు తెగిందని.

ఎడమ స్విచ్ ఎన్‌సీ కాలు 2వ పిన్‌కి, కుడిది 3వ పిన్‌కి. ప్రోగ్రామ్‌లో ఈ రెండు పిన్‌లనీ ఇన్‌పుట్ పుల్-అప్ మోడ్‌లో పెట్టాలి. అప్పుడు ఊనో లోపలి రెసిస్టరే పిన్‌ని 5 వోల్టులకి లాగి ఉంచుతుంది, బయట రెసిస్టర్ అక్కర్లేదు. ఏదీ తగలనప్పుడు లో, తగిలితే హై. ఇది గుర్తుపెట్టుకోండి, ఎన్‌ఓ కోసం రాసిన కోడ్ తెచ్చి పెడితే తలకిందులుగా పనిచేస్తుంది.

మోటార్ డ్రైవర్‌కి ఇన్‌1 నుంచి ఇన్‌4 దాకా వరుసగా 7, 8, 9, 10 పిన్‌లు. వేగాన్ని నియంత్రించే ఈఎన్‌ఏ 5కి, ఈఎన్‌బీ 6కి. ఆ రెండింటి మీదా ఉన్న జంపర్ టోపీలు తీసేయండి, లేకపోతే వేగం మీ చేతిలో ఉండదు. బ్యాటరీ ప్లస్ ఆన్-ఆఫ్ స్విచ్ గుండా వచ్చి డ్రైవర్ 12 వోల్టుల టెర్మినల్‌కీ, ఆర్డుయినో వీ-ఇన్‌కీ వెళ్తుంది. బ్యాటరీ మైనస్, డ్రైవర్ గ్రౌండ్, ఆర్డుయినో గ్రౌండ్ మూడూ కలవాలి. ఒక్కటి కలవకపోయినా మోటార్లు పిచ్చిగా తిరుగుతాయి. ఇక 104 కెపాసిటర్లు ఒక్కొక్క మోటార్ రెండు కాళ్ళ మధ్య నేరుగా సోల్డర్ చేయండి. బ్రష్‌ల దగ్గర రేగే నిప్పురవ్వల వల్ల స్విచ్ వైర్లలోకి దొంగ సిగ్నల్ వస్తుంది. దాన్ని పుట్టిన చోటే ఆపాలి. స్విచ్ వైర్లు రెండేసి మెలితిప్పి, మోటార్ వైర్లకి దూరంగా తీసుకెళ్ళండి.

ఇప్పుడు బంపర్. బండి చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. ఇక్కడ 16 సెంటీమీటర్లు. బంపర్ దానికన్నా రెండువైపులా అర సెంటీమీటర్ ఎక్కువుండాలి, అంటే 17. తక్కువైతే కుర్చీ కాలు బంపర్‌ని తప్పించుకుని చక్రానికి తగులుతుంది, బండి అక్కడే ఇరుక్కుంటుంది. 9 సెంటీమీటర్ల పట్టీలు రెండు, మధ్యలో ఒకదాని మీద ఒకటి 1 సెంటీమీటర్ ఎక్కేలా పెట్టండి. మధ్యలో సందు వదిలితే సన్నటి టేబుల్ కాలు సరిగ్గా ఆ సందులోకే వస్తుంది, అనుమానం అక్కర్లేదు.

పట్టీని లీవర్‌కి అంటించొద్దు. రెండు గుద్దులకి లీవర్ వంగుతుంది. పట్టీ చివరలకి అడ్డంగా చిన్న చెవులు అంటించి, ఒక్కో చెవిలో ముందుకీ వెనక్కీ సాగే గాడి కోయండి: వెడల్పు 4, పొడుగు 8 మిల్లీమీటర్లు. ఆ గాడిలోంచి 3 ఎంఎం స్క్రూ చాసిస్‌లోకి దిగుతుంది. నైలాక్ నట్ పూర్తిగా బిగించకండి, పట్టీ వదులుగా జారాలి. ఇప్పుడు పట్టీకి 5 మిల్లీమీటర్ల కదలిక వచ్చింది. స్విచ్‌ని పట్టీ మధ్యభాగానికి వెనక పెట్టండి. దీనిలో లాభమేమిటంటే, ఒక చివర మాత్రమే తగిలినా పట్టీ ఏటవాలుగా తిరుగుతుంది, మధ్యభాగం రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. లీవర్ పట్టీని తాకీ తాకనట్టు ఉంచితే స్విచ్ క్లిక్ అవడానికి ఆ కదలిక చాలు. గుద్దు బలమంతా గాడి చివర స్క్రూ మీద పడాలి. స్విచ్ బాడీ మీద కాదు. స్విచ్ రంధ్రాలు కాస్త పెద్దవిగా వేసుకుంటే తర్వాత ముందుకీ వెనక్కీ సర్దుకోవచ్చు.

పట్టీ వెనక రెండు చివరలా చిన్న స్పాంజి ముక్క, మళ్ళీ ముందుకి తోయడానికి. స్పాంజి గట్టిదైతే బండి దాన్ని నొక్కలేదు. బండిని ఆన్ చేయకముందే వేలితో మెల్లగా పట్టీ పొడుగునా నొక్కుతూ రండి. ప్రతిచోటా టిక్ అని వినబడాలి. వినబడని చోటు ఉంటే అక్కడే సరిచేయండి, కోడ్ దాకా వెళ్ళొద్దు. పట్టీ కింది అంచు నేలకి 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చెప్పులు, పుస్తకాలు కూడా దొరుకుతాయి.

ఈ పద్ధతి చాలా పాతది. 1948-49లో బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో మెదడు పరిశోధకుడు గ్రే వాల్టర్ చేసిన తాబేలు రోబోలకి పైచిప్పే బంపర్. దాన్ని వేలాడదీసి ఉంచారు. ఎటునుంచి ఏది నెట్టినా లోపల కాంటాక్ట్ కలిసేది. ప్రాసెసర్ లేదు, రెండు వాక్యూమ్ ట్యూబులతో నడిచేవి.

సరే, ప్రోగ్రామ్. ముందు మోటార్లు కదపకుండా సీరియల్ మానిటర్‌లో, అంటే ఆర్డుయినో పంపేవి కంప్యూటర్‌లో కనబడే విండోలో, రెండు స్విచ్‌ల విలువలు చూడండి. ఎడమది నొక్కితే ఎడమదే మారాలి. తర్వాత వేగం. 65 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకి దాదాపు 20 సెంటీమీటర్లు పోతుంది. సెకనుకి చుట్టున్నర తిరిగితే 30 సెంటీమీటర్లు, అంటే మన 5 మిల్లీమీటర్ల కదలిక 17 మిల్లీసెకన్లలో అయిపోతుంది. అంతకన్నా వేగం పెంచితే గుద్దులు గట్టిగా పడతాయి. మోటార్ వేగాన్ని నిర్ణయించే పీడబ్ల్యూఎం విలువని 130 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. బాగా తగ్గిస్తే ఈ మోటార్లు కూనిరాగం తీస్తాయి తప్ప కదలవు.

స్విచ్‌ని 2 మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు చదవండి, రెండుసార్లూ హై వస్తేనే తగిలినట్టు. దొంగ సిగ్నల్ పోతుంది, ఆలస్యమూ ఉండదు. తగిలాక మోటార్లు ఆపి 100 మిల్లీసెకన్లు ఆగండి, తర్వాత 400 వెనక్కి, తర్వాత తిరగడం. ఆపకుండా ముందు నుంచి నేరుగా వెనక్కి తిప్పితే కరెంట్ ఒక్కసారిగా లాగుతుంది, వోల్టేజ్ పడిపోయి ఆర్డుయినో రీసెట్ అవుతుంది. గుద్దగానే బండి మొదటి నుంచి మొదలుపెడితే జబ్బు ఇదే.

ఎడమ తగిలితే కుడికి, కుడి తగిలితే ఎడమకి. రెండూ తగిలితే ఎటైనా సరే, ఎక్కువసేపు తిరగాలి. తిరిగే సమయం స్థిరంగా పెట్టకండి, 300 నుంచి 600 మిల్లీసెకన్ల మధ్య రాండమ్‌గా ఇవ్వండి. తిరుగుతున్నప్పుడు డిలే (ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపి ఉంచే ఆదేశం) వాడితే ఆ సేపు స్విచ్‌లు ఎవరూ చూడరు, కాబట్టి మిల్లీస్‌తో (గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఆదేశం) లెక్కపెట్టి, ప్రోగ్రామ్ లూప్ ప్రతి చుట్టులోనూ స్విచ్‌లు చదవండి.

అయినా గది మూలలో ఒక చిక్కు మిగులుతుంది. ఎడమ తగిలి కుడికి తిరుగుతుంది, అక్కడ కుడి తగిలి ఎడమకి తిరుగుతుంది, అలా అక్కడే ఊగుతుంది. దీనికి ఒక కౌంటర్ పెట్టండి: ఒకదాని తర్వాత ఒకటిగా వైపు మారుతూ నాలుగుసార్లు తగిలితే, ఈసారి దాదాపు వెనక్కి తిరిగేదాకా ఒకే వైపు తిప్పండి, కౌంటర్ సున్నా చేయండి. ఒకే వైపు వరుసగా తగిలినా సున్నా చేయండి.

గోడకి ఆనుకున్నా క్లిక్ రాకుండా చక్రాలు జారుతుంటే బరువు తప్పుచోట ఉంది. బ్యాటరీ హోల్డర్‌ని చక్రాల ఇరుసు మీదకి జరపండి, క్యాస్టర్ మీద కాదు. ఖాళీ అట్టపెట్టెని మాత్రం ఎంత సర్దినా తోసుకుంటూనే పోతుంది, స్విచ్ నొక్కేంత బరువు దానికి లేదు. ఇక వెనక్కి వచ్చేటప్పుడు దేనికో గుద్దుకుంటోందా? మూడో స్విచ్ ఒకటి వెనక పెట్టి 4వ పిన్‌కి ఇవ్వండి. అది నొక్కగానే వెనక్కి పోవడం ఆపేసి నేరుగా తిరగడంలోకి వెళ్ళాలి, దానికి వేరే లెక్కలేమీ అక్కర్లేదు.