మన సెట్టింగులు మన వెంటే రావాలి

అందరికీ నమస్కారం అండీ. బరంపురంలో తెలుగులో కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు, అది నాకు చాలా సంతోషంగా ఉంది.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. ఆ రాత్రి మా కిటికీ పక్కన డెస్క్‌టాప్‌లోకి నీళ్ళు పోయాయి, హార్డ్ డిస్క్ మరి లేవలేదు. ప్రాజెక్టులన్నీ గిట్‌లో, అంటే ఫైళ్ళలో మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్‌లో పెట్టి, బయటి సర్వర్‌కి పుష్ చేసేవాణ్ణి, అంటే పంపేవాణ్ణి కాబట్టి కోడ్ ఒక్క లైను పోలేదు గానీ, నాలుగేళ్ళు కొంచెం కొంచెంగా రాసుకున్న బాష్‌ఆర్‌సీ (కమాండ్లు కొట్టే బాష్ సెట్టింగులు), విమ్‌ఆర్‌సీ (విమ్ ఎడిటర్ సెట్టింగులు), షార్ట్‌కట్లు మొత్తం పోయాయి. కొత్త మిషన్ ముందు కూర్చుంటే పరాయి ఇంట్లో వంటకి దిగినట్టే, ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు.

ఇలాంటి ఫైళ్ళని డాట్‌ఫైల్స్ అంటారు. పేరుకి ముందు చుక్క ఉంటుంది, ఫైళ్ళ జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్‌ని మామూలుగా కొడితే కనపడవు, ఎల్ఎస్ మైనస్ ఏ కొట్టాలి. ‘అన్ని ఫైళ్ళూ’ అని స్టార్ గుర్తు పెట్టి కాపీ చేసినా బాష్ వీటిని వదిలేస్తుంది, అందుకే బ్యాకప్ తీశాం కదా అనుకున్నవాళ్ళకి కూడా ఇవి మిగలవు.

ఇప్పుడు నేను చేసేది ఏంటంటే, అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి దాన్ని గిట్ రెపో, అంటే గిట్ మార్పులు చూసుకునే ఫోల్డర్ చేశాను, గ్నూ స్టో అని చిన్న టూల్ ఉంది, అది హోమ్ ఫోల్డర్లో సిమ్‌లింకులు, అంటే అసలు ఫైల్‌కి దారి చూపే లింకులు వేస్తుంది. అసలు ఫైల్ రెపోలోనే ఉంటుంది, హోమ్‌లో ఉండేది లింకు మాత్రమే, ఎక్కడ మార్చినా గిట్‌కి తెలిసిపోతుంది, ఆ మార్పుని పుష్ చేశాక ఇంకో మిషన్‌లో పుల్ చేస్తే, అంటే దించుకుంటే చాలు.

కానీ అన్ని మిషన్లూ ఒక్కలాగే ఉండాలనుకోవద్దు, నేను అక్కడే దెబ్బ తిన్నాను. నా సొంత ప్రాజెక్టు కమిట్లు, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పులు, నెల రోజులు ఆఫీసు మెయిల్‌తో వెళ్ళిపోయాయి. గిట్ 2.13 నుంచి, అంటే 2017 నుంచి, ఇన్‌క్లూడ్‌ఇఫ్ ఉంది, ఫోల్డర్‌ని బట్టి వేరే కాన్ఫిగ్, అంటే వేరే సెట్టింగుల ఫైల్ చదువుతుంది, దాన్ని వాడండి. బాష్‌ఆర్‌సీ చివర్లో ‘లోకల్ ఫైల్ ఉంటే అది కూడా చదువు’ అని ఒక లైను రాయండి, ఆ లోకల్ ఫైల్ రెపోలోకి రాకూడదు.

వేరే మిషన్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీలు, పాస్‌వర్డ్‌లా పనిచేసే టోకెన్లు రెపోలోకి అసలే రాకూడదు. పొరపాటున పుష్ అయితే తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో అలాగే ఉంటాయి, అందుకని ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది చేసుకోండి, మిగతా పని తర్వాత.

మొన్న పర్లాకిమిడిలో అమ్మ దగ్గరున్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, రెపో క్లోన్ చేసి, అంటే దాని కాపీ దించుకుని, స్టో నడిపాను, అంతా కలిపి పది నిమిషాలు. నా ఫైల్లో కీబోర్డు లేఅవుట్లు పెట్టే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ లైను ఒకటుంది, ఇంగ్లీషు, తెలుగు, ఒడియా మూడు లేఅవుట్లూ ఆల్ట్ షిఫ్ట్‌తో మారతాయి. అమ్మ ముందు తన పేరు తెలుగులో కొట్టింది, తర్వాత ఆల్ట్ షిఫ్ట్ నొక్కి పక్కింటి ఆవిడ పేరు ఒడియాలో కొట్టి, ఆవిణ్ణి చూడ్డానికి పిలిచింది.